చిన్నమామయ్య కుట్టిన తెరచాప

కిందటి నెల ఒక సాయంత్రం సింగపూరులో పుంగ్గోల్ వెళ్ళే రైల్లో కూర్చుని ఉన్నాను. ఆఫీసు అలసటకి కళ్ళు మూతలు పడుతున్నాయి. పక్కన మా అమ్మాయి ఫోన్లో ఏదో చూస్తూ ఉన్నట్టుండి, "మమ్మీ, చూడు, బోట్ ఈజ్ ఫ్లయింగ్ లా!" అని ఇక్కడి పిల్లల 'లా' తగిలించి మోచేత్తో పొడిచింది. కళ్ళు తెరిచి చూద్దును కదా, నిజంగానే ఎగురుతోంది. పడవ మొత్తం నీళ్ళకి మనిషెత్తున గాల్లో ఉంది, అడుగున సన్నటి రెక్క ఒక్కటే అలల్ని తాకుతోంది. అమెరికా కప్పు పందెమట. ఇంక నాకు నిద్ర ఎక్కడిది? ఫోను లాక్కుని, "అటు కాదు, ఇటు తిప్పు, గాలి ఇటుంది!" అని ఆ పడవ వాళ్ళకి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న చైనీస్ ఆంటీ తన కూరగాయల సంచి దగ్గరికి లాక్కుంది. మా అమ్మాయి, "సో పైసే, మమ్మీ, అందరూ చూస్తున్నారు" అని మొహం అటు తిప్పేసుకుంది. పైసే అంటే ఇక్కడివాళ్ళ మాటలో సిగ్గు. పడాల్సింది నేనైతే అది పడుతోంది. "అది అమెరికా దేశం పేరు కాదే, ఒక పడవ పేరు. ఆ పడవ పేరే కప్పుకి పెట్టారు" అని నేను మొదలుపెట్టేసరికి అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. మిగతా కథ నేను నాలోనే చెప్పుకుంటూ వెళ్ళి, దిగాల్సిన స్టేషన్లో దిగడం మర్చిపోయాను.

ఆ కథ నాకు చెప్పింది మా చిన్నమామయ్య. అంటే మా అత్తగారి ఆఖరి తమ్ముడు. మా అత్తగారి తరఫు వాళ్ళు మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు. వాళ్ళ తాతలు ఉత్తరాంధ్ర నుంచి పేరాక్ వైపు కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళారు. చిన్నమామయ్య పంతొమ్మిదో ఏట పని వెతుక్కుంటూ దక్షిణానికి, సింగపూరుకి వచ్చి, తూర్పు తీరంలో ఒక సెయిలింగ్ క్లబ్బులో చిరిగిన తెరచాపలు కుట్టే పనిలో చేరాడు. చేరినవాడు నలభై ఆరేళ్ళు అదే గదిలో, అదే కిటికీ పక్కన కూర్చుని కుట్టాడు. బక్కపలచటి మనిషి, నలభై ఎనిమిది కిలోలు ఉంటాడేమో. కుడి అరచేతికి తోలుపట్టీ తొడుక్కుని, దాని మధ్యలో ఉన్న ఇనప బిళ్ళతో లావుపాటి సూదిని నెడుతూ ఉండేవాడు. కాకినాడ నుంచి పెళ్ళయి వచ్చి బ్యాంకులో ఉద్యోగంలో చేరిన నాకు, ఆయన భాష మొదట్లో సగమే అర్థమయ్యేది. మా ఊరివైపు వాళ్ళే అనిపించే తెలుగులో మలాయ్ ముక్కలు, అరవ ముక్కలు కలిపేసి మాట్లాడేవాడు. నేను తలుపు తీయగానే, "ఏటమ్మా కోడలా, మకాన్ అయిపోనాదా?" అనేవాడు. భోజనం సంగతి అడుగుతున్నాడని తెలియడానికి నాకు వారం పట్టింది.

జురాంగ్ వెస్ట్‌లో వాళ్ళ ఫ్లాటుకి వెళ్తే ఎక్కడ చూసినా పాత తెరచాపలే. కిటికీ పరదాలు అవే, కూరగాయల సంచులు అవే, బియ్యం పోసే సంచీ అదే, ఎండలో వడియాలు పెట్టే గుడ్డా అదే. "పడుకుంటే పక్క బట్ట పటపటమంటాది, ఒత్తిగిల్లితే బిల్డింగంతా లెగుస్తాది" అని చిన్నత్తయ్య నాతో మొత్తుకునేది. ఆవిడ పోరు పడలేక ఒక్క పక్కబట్టలు మాత్రం కొట్లో కొన్నాడు. మిగతా విషయాల్లో ఆయనదే గెలుపు. ఒకసారి నేను చీర మీద జాకెట్టు సరిగ్గా కుదర్లేదని విసుక్కుంటుంటే, వెనక నుంచి చూసి, "డార్టు అర అంగుళం కిందకి వెయ్యాల్సింది, దర్జీకి ఒళ్ళు తెల్దు" అన్నాడు. గుడ్డకి వంపు తెచ్చే ఆ మడతకుట్టు సంగతి ఈయనకెలా తెలుసని నేను తెల్లబోయాను. వాళ్ళమ్మ తోటల్లో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేదట. ఆయన ఆవిడ దగ్గరే కుట్టు నేర్చుకున్నాడు. "గుడ్డ బల్లపరుపుగా ఉంటాది. ఒళ్ళు గుండ్రంగా ఉంటాది. గాలికి కూడా ఒళ్ళుంటాదమ్మా. తెరచాపకి డార్టు ఎక్కడ పడాలో తెలిస్తే గాలి దాన్లోకొచ్చి కూకుంటాది" అనేవాడు. తెరచాప అంటే పెద్ద దుప్పటి అనుకునే నాకు ఆ మాటతో కళ్ళు తెరుచుకున్నాయి.

ఇక ఆ 'అమెరికా' కథ. అది చెప్పాలంటే ఆయనకి భోజనాల బల్ల కావాలి. ఉప్పు డబ్బా ఇంగ్లండు పక్కనున్న దీవి. అప్పడం ముక్కలు ఇంగ్లీషు దొరల పడవలు. పెద్ద అప్పడం ముక్క 'అమెరికా'. పద్దెనిమిది వందల యాభై ఒకటిలో న్యూయార్కు వాళ్ళు ఆ పడవని కట్టి, సముద్రం దాటించి ఇంగ్లండుకి తెచ్చారు. ఒడ్డుకి తీసుకెళ్దామని ఎదురొచ్చిన ఇంగ్లీషు పడవ వెనకబడిపోయేసరికి, దానితో పందెం అంటే దొరలందరికీ దడ పట్టుకుంది. చివరికి దీవి చుట్టూ తిరిగొచ్చే పందెంలోకి రానిచ్చారు. అప్పట్లో పడవలు లంగరు వేసుకుని వరుసగా నిలబడి, తుపాకీ మోగగానే లంగరు ఎత్తి కదిలేవి. తీరా మోగేసరికి 'అమెరికా' లంగరు ఇరుక్కుంది. అందరూ వెళ్ళిపోయారు, అది ఆఖరున మిగిలింది. ఇక్కడికి రాగానే చిన్నమామయ్య కుర్చీలోంచి లేచేవాడు. పెద్ద అప్పడం ముక్క ఉప్పు డబ్బా చుట్టూ తిరుగుతూ ఒక్కో చిన్న ముక్కనీ దాటుతుంటే, దాటిన ముక్కనల్లా ఆయన నోట్లో వేసుకునేవాడు. "ఎందుకు గెలిచింది? సెప్పు! పడవ వల్ల కాదు. ఇంగ్లీషోళ్ళవి చేత్తో నేసిన నార గుడ్డలు, గాలికి సంచుల్లాగ సాగిపోయేవి. దీనివి మిషను మీద నేసిన నూలు, బల్లలాగ బిగుసుగా ఉండేవి. తెరచాప కుట్టినోడు గెలిచాడమ్మా!" అనేవాడు. ఆ తెరచాప కుట్టినవాడు ఈయనకి పెదనాన్న కొడుకేమో అనుకోవాలి, అంత సంబరం.

ఇంగ్లండు రాణిగారు రెండో పడవేదని అడిగితే, రెండోది లేదని చెప్పారన్న కథ ఒకటి అందరూ చెప్పుకుంటారు. అది మాత్రం ఆయనకి నచ్చేది కాదు. "ఎందుకు లేదు? కాసేపటికే వచ్చింది. దాని తెరచాపలు కూడా ఎవడో కుట్టే ఉంటాడు కదా" అని కోపగించుకునేవాడు. ఆ కప్పు పట్టుకెళ్ళి న్యూయార్కు క్లబ్బులో బల్లకి మరలతో బిగించేశారు. నూట ముప్పై రెండేళ్ళు ఎవరొచ్చినా కదల్లేదు. చివరికి ఆస్ట్రేలియా వాళ్ళు పడవ అడుగున రెక్కలున్న బరువు ఒకటి కొత్తగా తయారుచేసి, ఎవరి కంటా పడకుండా దాని చుట్టూ గుడ్డ కట్టి దాచి, పందెం గెలిచి ఎత్తుకుపోయారు. "ఆ గుడ్డ కుట్టినోడు ఎవడో!" అని చిన్నమామయ్య దానికీ మురిసిపోయేవాడు. పాపం అసలు 'అమెరికా' పడవ గతి మాత్రం చెప్పడానికి ఆయనకి మనసొప్పేది కాదు. యుద్ధంలో ఎవరో నదిలో ముంచేశారు, వేరెవరో పైకి లాగారు, చివరికి ఒక కొట్టంలో పడి ఉంటే మంచు బరువుకి పైకప్పు కూలి దాని మీద పడింది. నేను బలవంతం చేస్తే ఈ సంగతి గబగబా చెప్పేసి, "చాయ్ పెట్టమ్మా" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది పదకొండేళ్ళ కిందటి మాట. చిన్నమామయ్యకి అరవై ఐదు నిండాయి. క్లబ్బుకి కొత్తగా ఒక సెక్రటరీ వచ్చాడు. ఇక మీదట తెరచాపలు కంప్యూటర్‌తో కత్తిరించే ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకుందాం, ఈయన రిటైరవగానే కుట్టుగది మూసేద్దాం అన్నాడు. చిన్నమామయ్యకి పిల్లల్లేరు, పని నేర్చుకున్న శిష్యుడూ లేడు. క్లబ్బు వాళ్ళు ఎవరినైనా పనిలో పెడితే నేర్పుదామని ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నాడు. నలభై ఆరేళ్ళలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆ రోజు సెక్రటరీ గదిలోకి వెళ్ళి ఒక్క మాట అడిగాడు. క్లబ్బులో ఒకే పోలికవి రెండు పాత పందెం పడవలున్నాయి. ఒకదానికి నీలం చార, ఒకదానికి ఎర్ర చార. ఆ ఏడు అంతర్జాతీయ పోటీలు ఇక్కడే. "ఆఖరి రోజు పెద్ద పందెంలో ఎర్రదానికి ఫ్యాక్టరీ తెరచాప కట్టండి, నీలందానికి నేను కుట్టింది కడతాను. నాది ముందొస్తే కుట్టుగది ఉంచి, పని నేర్చుకోవడానికి నాకొక మనిషినివ్వండి. వెనకొస్తే తాళం వేసుకోండి" అన్నాడు. సెక్రటరీ చెడ్డవాడేం కాదు, ఒప్పుకున్నాడు.

రెండు నెలలు రోజూ డ్యూటీ అయ్యాక కూర్చుని కుట్టాడు. ఆ గదికి నేను మూడుసార్లు టిఫిన్ పట్టుకెళ్ళాను. నేల నిండా తెల్లటి గుడ్డ పరుచుకుని, మధ్యలో మోకాళ్ళ మీద ఆయన, గుడ్డ కదలకుండా అక్కడక్కడా సీసపు దిమ్మలు. కాగితం లేదు, లెక్క లేదు. అరచెయ్యి గుడ్డ మీద పెట్టి నిమిరి, సుద్దముక్కతో వంపు గీసేవాడు. మూడోసారి వెళ్ళినప్పుడు నన్ను కింద నుంచి పై దాకా చూసి, "కోడలా, నీ బరువెంత?" అన్నాడు. పక్కనే ఉన్న చిన్నత్తయ్య, "అయ్యో, ఆడదాన్ని అలా అడుగుతారేటి!" అని నోరు నొక్కుకుంది. విషయమేమిటంటే, నీలం పడవ కెప్టెనుగా వచ్చేది ఒక చైనీసావిడ, ప్రైమరీ స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడా, ఆవిడ మొగుడూ, చిన్నమామయ్యా ముగ్గురూ సన్నంగా గాలికి ఎగిరిపోయేలా ఉన్నారు. గాలి పెరిగితే పడవ ఒరిగిపోకుండా ఒక అంచు మీద కూర్చుని బయటికి వాలడానికి బరువైన మనిషి కావాలి. డాక్టరుకి కూడా నాలుగు కిలోలు తగ్గించి చెప్పేదాన్ని, ఆ రోజు మొదటిసారి నిజం చెప్పాను. "బాగుస్! సరిగ్గా ఇదే కావాలి!" అని చిన్నమామయ్య చప్పట్లు కొట్టాడు. మలాయ్‌లో భేష్ అన్నమాట. నా బరువు విని ఒక మనిషి అంత సంతోషించడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు.

ఆరు శనివారాలు నేర్చుకున్నాను. నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. కెప్టెన్ "టాక్!" అనగానే పడవ దిశ మారుతుంది, తెరచాప కింది అడ్డకర్ర ఈ పక్క నుంచి ఆ పక్కకి విసురుగా వస్తుంది, తల తగలకుండా వంగి, దాని కింద నుంచి పాక్కుంటూ రెండో అంచుకి చేరి, కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చోవాలి. అంతే. వంటింటి గట్టు కింద గిన్నెల కోసం దూరినన్ని సార్లు పాకితే వచ్చేస్తుందనుకున్నాను. మోకాళ్ళు రెండూ నల్లబడ్డాయి, నెత్తి మీద రెండు బొప్పులు కట్టాయి. మా ఆయన ఆ బొప్పుల్ని చూసి నవ్వినందుకు ఒక వారం వంట ఆయన చేతే చేయించాను.

పందెం రోజు పొద్దున్నే లిటిల్ ఇండియా నుంచి బంతిపూల దండ, కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకెళ్ళాను. కొత్త కారుకి చేస్తాం, కొత్త స్కూటరుకి చేస్తాం, కొత్త తెరచాపకి చెయ్యకపోతే ఎలా? చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక పడవ నిలబెట్టిన బండి చక్రాల కింద పెట్టాను. తెరచాప మూల చిన్న కుంకం బొట్టు పెట్టాను. దండ పడవ ముక్కుకి వేశాను, రెండు కొసలూ కలిపి ముడేశాను. కెప్టెన్ పాపం చేతులు జోడించి నిలబడింది. పక్క పడవల వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. పడవ నీళ్ళలోకి దించే ముందు దండ తీసెయ్యాలని నాకు తోచలేదు. కారుకి వేసిన దండ వాడిపోయేదాకా ఉంచుతాం కదా!

సముద్రంలో పద్దెనిమిది పడవలు. మలేషియావి, థాయ్‌లాండ్‌వి, హాంకాంగ్‌వి, ఆస్ట్రేలియావి. దూరంగా లంగరు వేసిన పెద్ద ఓడలు బారులు తీరి ఉన్నాయి. గుర్తుగా నీళ్ళ మీద తేలే మూడు బోయాల చుట్టూ రెండుసార్లు తిరిగి రావాలి. హారన్ మోగింది. పడవలన్నీ ఒక్క ఊపున కదిలాయి. మేం కదల్లేదు. కదల్లేదంటే బొత్తిగా కాదు, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకు లాగుతున్నట్టు ఈడ్చుకుంటూ పోతోంది. తెరచాప చూస్తే చక్కగా నిండి ఉంది. "వై లైక్ దట్? వై లైక్ దట్?" అని కెప్టెన్ చుక్కాని అటూ ఇటూ కొడుతోంది. ఎర్ర చార పడవ అప్పటికే ముందు గుంపులో ఉంది. ఐదు నిమిషాలకి పదిహేడు పడవల వీపులూ మాకు కనిపిస్తున్నాయి. ఆ నిరాశలో నేను వెనక్కి తిరిగి చూశాను. పడవ వెనక నీళ్ళ మీద బంతిపూల రేకులు ఒక్కటొక్కటిగా తేలుతూ పోతున్నాయి.

పడవ ముక్కు వైపు చూస్తే దండ లేదు. అల తగిలి జారి, పడవ కింద నుంచి వెళ్ళి చుక్కానికి చుట్టుకుంది. నేను వేలితో చూపించాను. "అలామక్!" అన్నాడు చిన్నమామయ్య. కెప్టెన్ క్షణం కూడా నన్ను తిట్టడానికి ఖర్చు పెట్టలేదు. పడవ ముక్కు గాలికి ఎదురుగా తిప్పింది. ఆవిడ మొగుడు అడ్డకర్రని బలంగా బయటికి నెట్టి పట్టుకున్నాడు. అలా చేస్తే పడవ వెనక్కి నడుస్తుంది, అడుగున చిక్కుకున్నది జారిపోతుంది. పడవ వెనక్కి నడిచింది. దండ మాత్రం రాలేదు. అప్పుడు చిన్నమామయ్య బోర్లా పడుకుని, నడుము దాకా పడవ బయటికి వాలి, "కోడలా, నా కాళ్ళ మీద కూకో!" అని అరిచాడు. అరవై ఐదేళ్ళ పెద్దమనిషి కాళ్ళ మీద ఎక్కి కూర్చున్నాను. ఆయన తల నీళ్ళలో మునిగి తేలుతోంది. నడుముకి కట్టుకున్న కుట్టుకత్తితో రెండుసార్లు, మూడుసార్లు కోశాడు. నాలుగోసారికి తెగింది. తెగిన క్షణాన పడవ కట్టు విప్పిన దూడలా ముందుకి ఎగిరింది. ఆయన్ని నడుం పట్టుకుని లోపలికి లాగాను. నోట్లో ఉప్పునీళ్ళు ఉమ్మేసి ఆయనన్న మొదటి మాట, "ఆ పడవ కూడా ఆఖర్నే బయల్దేరింది!"

ఆ తర్వాత గంటన్నర ఎలా గడిచిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. పద్దెనిమిదో పడవ పదిహేడోదైంది, పదహారోదైంది. ఒక్కొక్కరినీ దాటినప్పుడల్లా చిన్నమామయ్య తెరచాప వైపు చూసేవాడు కానీ దాటిన పడవ వైపు చూసేవాడు కాదు. చేతిలో తాడు ఒక వేలు వదులు, అర వేలు బిగువు, అంతే. నేను పాకడం, వాలడం, పాకడం, వాలడం. మొదటి చుట్టు అయ్యేసరికి పన్నెండో పడవ మాది. అంతలో పడమటి నుంచి ఆకాశం నల్లబడింది. దాన్ని ఇక్కడ 'సుమత్రా' అంటారు. సుమత్రా వైపు నుంచి పొద్దుటి పూట హోరుమని గాలీ వానా ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. ముందున్న పడవలు ఒక్కటొక్కటే తెరచాపలు కొంత దించేసి కట్టుకుంటున్నాయి. కెప్టెన్ వెనక్కి తిరిగి, "అంకుల్, సెయిల్ కెన్ టేక్ ఆర్ నాట్?" అని అరిచింది. చిన్నమామయ్య ఒక్కటే మాట అన్నాడు. "కెన్!"

దించలేదు. వాన మొహాన రాళ్ళలా కొట్టింది. పడవ నిలువునా లేచింది. "ఆంటీ, అవుట్! మోర్ అవుట్!" అని కెప్టెన్ కేకలు. నడుము దాకా బయటికి వాలి, వీపు సముద్రాన్ని తాకుతుంటే, నేను నా ప్రతి కిలోకీ దణ్ణం పెట్టుకున్నాను. తిన్న ప్రతి బూరె, ప్రతి పరోటా ఆ రోజు పనికొచ్చింది. నేను గొంతు చించుకుని అరుస్తున్నాను, ఏమని అరుస్తున్నానో నాకే తెలియదు. తల పైకెత్తితే తెరచాప కనిపించింది. చిన్న ముడత లేదు, వణుకు లేదు. ఆయన అన్నట్టు గాలి వచ్చి దాన్లో కూర్చుంది. పదకొండు, పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఎదురుగా వానలోంచి ఎర్ర చార కనిపించింది. ఫినిషింగు గీత రెండు వందల గజాలుందేమో. దగ్గరయ్యాం. వాళ్ళ మొహాలు కనిపించాయి. వాళ్ళ వెనక భాగం దాటాం, మధ్య దాకా వచ్చాం. హారన్ మోగింది, వెంటనే ఇంకోటి మోగింది. మొదటిది వాళ్ళది.

రెండు సెకన్లు. పడవల టైము రాసే ఆయన కాగితం మీద అదే రాశాడు. వాళ్ళు ఆరు, మేం ఏడు.

ఒడ్డుకి వచ్చాక నేను మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నలభై ఆరేళ్ళ బతుకుని ఒక బంతిపూల దండతో నేను ముంచేశాను. చిన్నమామయ్య తడిబట్టలతోనే వచ్చి పక్కన కూర్చుని గుప్పిట విప్పాడు. చుక్కానికి మిగిలిపోయిన దండ ముక్క. పూలన్నీ రాలిపోయాయి, దారం మాత్రం చెక్కుచెదర్లేదు. పూలమ్మి కట్టిన దారం కాదది. మైనం రాసిన, రెండు పేటల తెరచాప దారం. "నువ్వేసిన ముడి వదులుగా ఉంది. పూలదారం చూస్తే పుటుక్కుమనేలాగుంది. నువ్వు కాఫీకెళ్ళినప్పుడు నేనే నా దారం దండ పొడుగునా దూర్చి, కొసలు మళ్ళీ కట్టాను. వదులు ముడి చూసి నేనుండలేనమ్మా" అన్నాడు. పడవకి దండ ఉంచి నీళ్ళలోకి వెళ్ళకూడదని ఆయనకి తెలియదా అంటే, తెలుసు. ముడి ధ్యాసలో పడి అది మర్చిపోయాడు. నేను కట్టినట్టే వదిలేసి ఉంటే మొదటి అలకే తెగి కొట్టుకుపోయేది. ఆ మాట ఆయనే అని, పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

అయినా నేను ఊరుకునే రకం కాదు. సెక్రటరీ గదికి తడి చీరకొంగు పిండుకుంటూ... చీర కాదు లెండి, మా ఆయన పాత టీషర్టు... వెళ్ళి, తప్పు నా దండది, తెరచాపది కాదు, పందెం మళ్ళీ పెట్టమని వాదించాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. "ఆంటీ, రీజన్స్ అన్నీ లెక్కలోకి తీసుకుంటే పద్దెనిమిది బోట్లూ ఫస్టే లా" అన్నాడు. చిన్నమామయ్యని కూడా వచ్చి అడగమన్నాను. "నా ముడి నాకే ఊడిరాలేదని సెప్పుకోమంటావేటి?" అన్నాడు. నెలాఖరుకి గదికి తాళం పడింది. తాళం వేసే రోజు నేలంతా ఆయనే ఊడ్చాడని చిన్నత్తయ్య ఫోన్లో చెప్పింది.

కుట్టుగదిలోని పాత కుట్టుమిషను క్లబ్బు వాళ్ళు తీసుకుపొమ్మన్నారు కాబట్టి అది లారీలో జురాంగ్ వెస్ట్ చేరి, హాల్లో టీవీ జాగాలో కూర్చుంది. టీవీ వంటింట్లోకి వెళ్ళింది. చిన్నత్తయ్య సీరియళ్ళు పోపుల మధ్య చూడాల్సి వచ్చింది. మొదటి శనివారం నేను క్షమాపణ చెప్పుకుందామని పులిహోర చేసి పట్టుకెళ్ళాను. తలుపు తీసి, గిన్నె అందుకుని, "ఈ కొస పట్టుకో" అని ఒక చిరిగిన తెరచాప నా ఒళ్ళో పడేశాడు. కెప్టెన్ తెచ్చి ఇచ్చిందట. పట్టుకున్నాను. గంట తర్వాత, "ఊరికే పట్టుకుంటే ఏటి, కుట్టు" అన్నాడు. సూది వేలికి గుచ్చుకుంది. ఆ తర్వాతి శనివారం కూడా గుచ్చుకుంది. తోలుపట్టీ నా చేతికి పెద్దదైతే, కోసి నా కొలతకి కుట్టిచ్చాడు. కెప్టెన్ చెప్తే ఇంకొందరు పడవల వాళ్ళు రావడం మొదలుపెట్టారు. బ్యాంకులో ఐదు రోజులు, ఆయన హాల్లో ఒక రోజు. అరచెయ్యి గుడ్డ మీద పెట్టి వంపు ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఒక రోజు నేను గీసిన గీతని చాలాసేపు చూసి, చెరపకుండా చాయ్ తాగడానికి లేచి వెళ్ళిపోయాడు. అంత గొప్ప సర్టిఫికెట్టు నాకు బ్యాంకు వాళ్ళు కూడా ఇవ్వలేదు.

చిన్నమామయ్య పోయి ఐదేళ్ళయింది. మిషను ఇప్పుడు మా ఇంట్లో ఉంది, టీవీ మా వంటింట్లోకి వెళ్ళింది. నాకు ఒక్క విషయం మాత్రం ఎవరితోనూ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఆ రోజు మేం గెలిచి ఉంటే క్లబ్బు వాళ్ళు ఆయనకి ఎవరో ఒక మనిషిని ఇచ్చేవాళ్ళు, ఆయన విద్యంతా ఆ మనిషికి వెళ్ళేది, నేను మోకాళ్ళకి మందు రాసుకుని నా బ్యాంకుకి నేను వెళ్ళిపోయేదాన్ని. ఆయన కుట్టుగది పోయినందుకు ఏడ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు మేం పోగొట్టుకున్న రెండు సెకన్లే నాకు ఆరేళ్ళ శనివారాలు ఇచ్చాయి.